కుక్కపిల్ల కోసం సర్దిన ఇల్లు

"బల్ల కింద దూరి ఏం వెతుకుతున్నావ్?" అన్నాడు లాయిడ్, బీరు డబ్బాతో వంటింటి గుమ్మంలో నిలబడి.

"వెతకట్లేదు. కుక్కపిల్ల ఎత్తులోంచి ఇల్లెలా ఉంటుందో చూస్తున్నా." నడీన్ మోకాళ్ళ మీద పాకుతూ దీపం తీగను గోడవారకు నెట్టింది. "కుక్కపిల్లనిస్తానన్న శ్రోడర్ గారావిడ చెప్పింది. మనం నిలబడి చూస్తే ఏదీ కనపడదట. వంగితేనే ఎక్కడ ప్రమాదముందో తెలుస్తుందట."

లాయిడ్ నవ్వాడు. పెళ్ళాం నేలమీద పాకుతుంటే చూడడం అతనికేమీ ఇబ్బందిగా లేదు.

కుక్కపిల్ల ఆలోచన నడీన్‌దే. మామూలుగా అయితే ఒక్క కసురుతో కొట్టిపారేసేవాడు. కానీ కిందటేడు ఆకులు రాలే రోజుల్లో ఆమె చెప్పాపెట్టకుండా అయోవాలో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. కొంత బతిమాలి, ఎక్కువ బెదిరించి వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్ళీ పోతుందేమోనన్న భయం మాత్రం అతన్ని వదల్లేదు. పేపరు మిల్లులో పక్క యంత్రం మీద పనిచేసే ఓరిన్‌తో చెబితే అతను క్షణంలో తేల్చేశాడు.

"వెంటనే ఒప్పుకో. పిల్లల్లేని ఇంట్లో కుక్కపిల్లే గుంజ. దాన్నొదిలి ఆవిడెక్కడికి పోతుంది?"

ఆ మాట లాయిడ్‌కి బాగా నచ్చింది. ఆ సాయంత్రమే సరేనన్నాడు. నడీన్ ఏడ్చినంత పని చేసింది. శ్రోడర్ వాళ్ళ పొలంలో బీగిల్ జాతి కుక్కపిల్లలు పుట్టాయని, గోధుమరంగు చెవులదాన్ని మనకోసం అట్టే పెట్టమన్నానని చెప్పి ఫోన్లో ఫోటో చూపించింది.

"ఒక్క మాట," అన్నాడు లాయిడ్ ఇప్పుడు. "తివాచీ మీద పోసిందంటే నేనూరుకోను."

"నువ్వూరుకోవని తెలుసు. అందుకేగా ఇంత జాగ్రత్త." ఆమె లేచి, కుక్క నమిలితే విషమని కిటికీలోని లిల్లీ పూలకుండీ తీసి చెత్తబుట్టలో వేసింది. అల్మారా కింది అరలోని ఎలుకలమందు బయటికి చేర్చింది. పాపం ఆ కుక్కపిల్ల ఏ ఇంటికి వస్తోందో దానికేం తెలుసు.

ఆ వారమంతా ఇంట్లో ఇదే సందడి. కింది సొరుగు చెక్కను నమిలేస్తుందని అందులోని ఇద్దరి గుర్తింపు కాగితాలూ, బ్యాంకు కాగితాలూ నడీన్ పై అరలోకి ఎక్కించింది. వెనక తలుపు గంట దగ్గర మాత్రం లాయిడ్ కాస్త బిగిశాడు. తలుపు తీస్తే గణగణమనే ఆ గంటను, నడీన్‌ను అయోవా నుంచి వెనక్కి తెచ్చాక అతనే బిగించాడు, దొంగల భయమని. అది మోగితే మిల్లులో ఉన్నా అతని ఫోన్‌కి తెలిసేది.

"దాన్నెందుకు పీకడం?"

"మొదట్లో రాత్రిళ్ళు మాటిమాటికీ బయటికి తిప్పాలి. ప్రతిసారీ ఇది మోగితే నీకు నిద్రేదీ? పొద్దున్నే షిఫ్టుకెళ్ళేవాడివి."

నిద్ర మాట వినగానే మెత్తబడి తనే స్క్రూలు విప్పాడు.

మంచం కింది తూటాల డబ్బా దగ్గర మళ్ళీ ఆగాడు. "కుక్కపిల్ల కోసం తూటాలు తీసెయ్యడమెందుకు?"

"సీసం విషం, లాయిడ్. ఒక్కటి మింగినా చచ్చిపోతుంది."

కోపమొచ్చినప్పుడు తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, మాటా పలుకూ లేకుండా తుడుస్తూ కూర్చోవడం లాయిడ్ అలవాటు. అలా కూర్చున్న రోజు నడీన్‌కి ముద్ద దిగేది కాదు. అయినా తూటాలూ తుపాకీ రెండూ పెరటి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. తాను ఎంత మంచివాడో అనిపించింది అతనికి.

రోజూ తెల్లవారుతూనే ఆమె ఖాళీ తాడు పట్టుకుని వీధి చుట్టి వచ్చేది.

"కుక్క లేకుండా తాడేంటే? జనం నవ్వుతారు."

"నవ్వనీ. అలవాటు చేసుకుంటున్నా."

మొదట్లో కిటికీలోంచి కనిపెట్టి చూసేవాడు. తర్వాత విసుగొచ్చి మానేశాడు.

శనివారం ఉదయం లాయిడ్ కారు తాళాలు ఆమె చేతిలో పెట్టాడు. సంచీ కూడా తనే మోసుకెళ్ళి వెనక సీట్లో పడేశాడు. "ఏంటింత బరువు?"

"తువ్వాళ్ళు, దుప్పట్లు. దారిలో కక్కుతుందట. నాకో జత బట్టలు కూడా పెట్టుకున్నా."

"జాగ్రత్తగా నడుపు. మంచు పడేలా ఉంది."

"నువ్వూ జాగ్రత్త," అంది నడీన్. ఆ మాట ఆమె నోట విని చాలా ఏళ్ళయింది. ఓరిన్ బండిలో మిల్లుకి వెళ్ళే దారంతా అతనికి హాయిగా అనిపించింది.

షిఫ్టు దిగాక దుకాణంలో ఆగి ఎర్రటి మెడపట్టీ కొన్నాడు. ఇంటికి వచ్చేసరికి మంచు దట్టంగా పడుతోంది. కారు లేదు. వంటింటి మూల చిన్న కంచె, లోపల మెత్తటి పరుపు, గిన్నె నిండా నీళ్ళు. నడీన్ ఫోన్ మోగుతోందేగానీ ఎత్తడం లేదు.

చీకటి పడింది. కారు ఏ కాలువలోకో జారిపోయి ఉంటే? నిజంగానే భయపడ్డాడు. మెడపట్టీ పిడికిట్లో నలుపుతూ శ్రోడర్ వాళ్ళ నంబరు వెతికి ఫోన్ చేశాడు.

"మా ఆవిడ అక్కణ్ణుంచి ఎప్పుడు బయల్దేరిందండీ?"

"మీ ఆవిడెవరండీ?" అంది అవతలి ముసలి గొంతు.

"నడీన్. బీగిల్ పిల్లను తెచ్చుకోడానికి పొద్దున మీ దగ్గరికే వచ్చింది కదా."

ఆవిడ నెమ్మదిగా అంది.

"ఈ ఏడాది మా కుక్క ఈననే లేదండీ."