కల్చర్ గదిలో బావాబామ్మర్దులు

మొదటి దెబ్బకు బామ్మర్ది కళ్లజోడు ఎగిరి సింకులో పడింది. రెండో దెబ్బకు అతను వెళ్లి ఫ్రిజ్‌కు గుద్దుకున్నాడు.

"చెప్పరా. ఎందుకు చంపావు?" అన్నాడు బావ.

చచ్చింది మనుషులు కాదు, మలేరియా క్రిములు. సైంటిస్టు బావ రెండేళ్లుగా కన్నబిడ్డల్లా సాకుతున్న క్రిములు. కొత్త మందు పనిచేస్తుందో లేదో తేలాల్సింది వాటి మీదే. మూడు వారాలుగా అవి ఒక్కో ఫ్లాస్కులో ఒక్కో గుంపుగా చచ్చిపోతున్నాయి. సోమవారం పైనుంచి తనిఖీకి మనుషులు వస్తున్నారు. అప్పటికి ప్రాణంతో ఉన్న క్రిములు చూపించలేకపోతే పరిశోధనకు నీళ్లొదులుకోవాల్సిందే.

పొద్దున కెమెరాలో బామ్మర్ది దొరికిపోయాడు. ఎవరూ లేని వేళ, క్రిములను పెంచే కల్చర్ గదిలో దూరి, సిరంజితో ఒక్కో ఫ్లాస్కులో ఏదో పోస్తున్నాడు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను" అంటూ బావ మళ్లీ కాలరు పట్టుకున్నాడు. "నీళ్లు మార్చాను. గ్యాస్ సిలిండర్ మార్చాను. క్రిములుంచే వేడి పెట్టె మార్చాను. ఇంకేం మిగిలిందిరా, నువ్వు తప్ప?"

అతను తల తిప్పి సింకులోని కళ్లజోడు వైపు చూశాడు. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతోంది.

రక్తానికి ఆ ల్యాబ్‌లో కొదవ లేదు. మనిషి రక్తమే ఆ క్రిములకు తిండి. అందరూ వంతులవారీగా చెయ్యి చాపుతారు, బావ ఒక్కడు తప్ప. బావ రక్తంలో సికిల్ సెల్ లక్షణం ఉంది. దాంతో అతనికి ఇబ్బందేమీ లేదు గానీ, ఆ రక్తం పోస్తే ఫ్లాస్కులో మలేరియా క్రిములు బతకవు. "మా బావ రక్తం దోమకు కూడా దండగ" అని పెళ్లిలో బామ్మర్ది ఏడిపిస్తే, అందరికన్నా గట్టిగా నవ్వింది బావే.

ఈసారి వంతును కొత్త పెళ్లికూతురు, బామ్మర్ది అక్క, అడిగి మరీ తీసుకుంది. పై అంతస్తులో గుమాస్తా ఆమె. "ఆయనకు వండి పెట్టడం ఎలాగూ తప్పదు, ఆయన పిల్లలకూ నేనే పెడతా" అంటూ, ల్యాబ్‌లో రక్తం తీసే తమ్ముడి ముందు చెయ్యి చాపింది. సూది దిగుతుంటే కళ్లు మూసుకుని, అతని చొక్కా గుప్పిట పట్టుకుని, నవ్వుతూనే ఉంది.

ఇప్పుడా చప్పుళ్లకు ఆమె రెండేసి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"ఏమండీ, వదలండి. చచ్చిపోతాడు వాడు."

"అడుగు నీ తమ్ముణ్ణి. వాడు వేలు పెట్టకపోతే మరేమిటి, నీ రక్తమా? పెళ్లికి ముందే పరీక్ష చేయించి కదా నిన్ను చేసుకున్నాను."

నిజమే. పెళ్లి మాట వచ్చిన రోజే బావ కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. బావ తమ్ముడొకడు ఆరేళ్లకే సికిల్ సెల్ జబ్బుతో, ఎముకల నొప్పికి మెలికలు తిరిగి తిరిగి, అతని ఒళ్లోనే పోయాడు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే బిడ్డకు జబ్బు రావచ్చు. అందుకే అమ్మాయి రిపోర్టు కళ్లారా చూశాకే సరేనన్నాడు.

"ఒరేయ్, ఏం పోశావురా అందులో?" అక్క అతని భుజం పట్టుకుని కుదిపింది. "నోరు తెరిచి ఏడవవేంరా."

అతను అక్కను చూశాడు. ఆమె చెయ్యి పొట్ట మీద ఉంది. పోయిన వారమే చెవిలో చెప్పింది, "మేనమామవి కాబోతున్నావు, ఆ నాలుగు వెంట్రుకల్నీ మీసం అనడం మానేసి సరిగ్గా పెంచు" అని.

బావ స్టూలు ఎత్తి విసిరాడు. అతని భుజానికి తగిలి, వెనకున్న గాజు అలమారను బద్దలు కొట్టింది.

"చెప్పకపోతే పోనీ. సాయంత్రం లోపల అన్నీ మొదటినుంచి పరీక్ష చేయిస్తాను. నీళ్లు, మందు, రక్తం, గొట్టాలు, సీసా మూతలతో సహా. అప్పుడు చూస్తా నీ సంగతి."

"బ్లీచింగ్ నీళ్లు పోశాను" అన్నాడు అతను.

గదిలో గాజు పెంకు ఒకటి అలమారలోంచి జారి పడింది.

"ఎందుకు?"

"నాకు రావాల్సిన ప్రమోషన్ నీ శిష్యుడికి ఇచ్చావుగా బావా. కడుపుమంట. చాలా?"

బావ అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. అతని కుడిచేతిని లాగి, ఫ్రీజర్ తలుపు సందులో పెట్టి, భుజంతో బలంగా తోశాడు. ఎండుపుల్లలు విరిగినట్టు వినిపించింది. అతను మోకాళ్ల మీద పడ్డాడు.

అక్క దగ్గరికి వచ్చింది. లేపుతుందనుకున్నాడు. లాగి చెంప మీద కొట్టింది.

"ఆయన అన్నం కూడా మానేసి ఏడుస్తుంటే పక్కన కూర్చుని ఓదార్చావు కదరా. ఇక మా గడప తొక్కకు. నాకు తమ్ముడు లేడు."

ఆ దెబ్బ వేళ్లు విరిగినప్పటికన్నా ఎక్కువ నొప్పిపెట్టింది.

వాచ్‌మన్లు ఇద్దరు అతని రెక్కలు పట్టుకుని వరండాలోకి ఈడ్చారు. వెనక బావ అరుస్తున్నాడు, "ఫ్లాస్కులు, సీసాలు, ఆ ఫ్రిజ్‌లో ఏమున్నా సరే, అంతా ఆసిడ్‌లో పారబోయండి. వీడి చెయ్యి తగిలిందేదీ నాకొద్దు. రేపటినుంచి రక్తం బయటినుంచి తెప్పించండి."

గేటు అవతల మట్టిలోకి తోసేశారు. అతను విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఉదయం నుంచి మొదటిసారి నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆరు నెలల కిందట అక్క రక్తాన్ని ముందుగా మైక్రోస్కోపు కింద చూసి, అందులోనూ సికిల్ సెల్ లక్షణమే కనిపించేసరికి, ఈ పెళ్లి తప్పిపోతే అక్క తట్టుకోలేదని, ఆమె పేరు రాసి తన రక్తాన్ని పరీక్షకు పంపింది అతనే; క్రిములను కాపాడబోయి ఎవరూ లేని వేళ ఫ్లాస్కుల్లో పోసిందీ ఆ రక్తమే.