రెండు ప్రవేశాలు, ఒకే ముహూర్తం

“కార్డులు ప్రింటయిపొయినాయి చేతన్. ఇంక మార్చేది లేదు,” అంటూ మునిరాజు తమ్ముడి ముందు టీపాయ్ మీద కార్డు విసిరాడు.

“నావీ ప్రింటయినాయన్నా,” అని చేతన్ తన కార్డు దాని మీద విసిరాడు. పేకాటలో ముక్క మీద ముక్క పడ్డట్టు పడింది.

మునిరాజుది రంగప్రవేశం కార్డు. కూతురు మొదటిసారి స్టేజీ ఎక్కి భరతనాట్యం చెయ్యబోతోంది, ఇక్కడే యలహంకలో. తమ్ముడిది గృహప్రవేశం కార్డు. మారతహళ్ళిలో కొత్త ఫ్లాటు. రెండు ప్రవేశాలూ వచ్చే ఆదివారమే, అదీ ఒకే ముహూర్తానికి. ఇన్నాళ్ళూ మూఢం. అది విడిచాక పంతులు చెప్పిన మొదటి మంచి ముహూర్తం కావడంతో బెంగుళూరు బెంగుళూరంతా దాని మీదే పడింది. మూఢం పోయింది. దాంతోపాటే అన్నదమ్ముల మూడూ పోయింది.

ముహూర్తం ఒకటైనంత మాత్రాన ఇంతగా కొట్టుకునేవాళ్ళు కారు. రెండు కార్డుల్లోనూ అమ్మ పేరు అచ్చయింది. మనవరాలికి స్టేజీ మీద గజ్జెలు అందించేది నాయనమ్మ భాగీరథమ్మ అని పెద్దకొడుకు వేయించాడు. కొత్తింట్లో పాలు పొంగించేది మాతృమూర్తి భాగీరథమ్మ అని చిన్నకొడుకు వేయించాడు. ఆమెను ఒక మాట అడిగిన పాపాన ఇద్దరిలో ఒక్కడూ పోలేదు. ఆ మాతృమూర్తి మాత్రం నేల మీద కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, నానిన అవరే చిక్కుడు గింజల పొట్టు పితుకుతోంది.

పెద్దకోడలు ఆశ ఒక రాజీ మార్గం చెప్పింది. అత్తమ్మ మారతహళ్ళిలో ఒక గంట ముందే పాలు పొంగించేసి, క్యాబ్ ఎక్కి యలహంకకు వచ్చేస్తే సరి. చిన్నకోడలు చైత్ర పకపకా నవ్వి, హెబ్బాళ ఫ్లైఓవరు ట్రాఫిక్‌లో పాలకంటే ఎక్కువగా రక్తం పొంగుతుందక్కా అంది. ముహూర్తానికి ముందే పొంగిస్తే అవి కాఫీకి కాచిన పాలవుతాయి గానీ గృహప్రవేశం పాలెట్లవుతాయి, కావాలంటే మీ గజ్జెలనే గంట ఆపుకోండి అన్నాడు చేతన్. మృదంగం ఆయన ఆ వెంటనే ఇంకో చోటికి పోవాలి, గజ్జె ఆగితే అంతా కలగలిసి గొజ్జయిపోతుంది అన్నాడు మునిరాజు.

అక్కడి నుంచి మాటలు దారి తప్పాయి. చేతన్ కొడుకు చెస్‌లో కప్పు కొట్టిన రోజు పిలిచి ఒక కప్పు కాఫీ కూడా పోయలేదని మునిరాజు ఎత్తిపొడిచాడు. తనకు ప్రమోషన్ వచ్చిన పార్టీలో మూడుసార్లు బిర్యానీ పెట్టించుకున్న మరిది నోటికి ఆ సంగతి గుర్తుండదా అని ఆశ అడిగింది. పదికిలోమీటర్లు పరిగెత్తి మెడల్ తెస్తే ఫ్యామిలీ గ్రూపులో ఒక్కరూ బాగుందనలేదు, నేను పరుగు తీస్తే మీరంతా కలిసి నా పరువు తీశారు అంది చైత్ర.

చేతన్ లేచి నిలబడ్డాడు. “ఒక మాట అడుగుతాను చెప్పన్నా. అమ్మను నాలుగు దినాలు మా ఇంటికి పంపమంటే నువ్వెందుకు పంపవు? డ్యాన్సు క్లాసుకు, స్విమ్మింగుకు, ట్యూషన్‌కు పాపను పిలుచుకోని పొయ్యేవాళ్ళు లేక. నీకు అమ్మంటే అమ్మనా, స్కూలు వ్యానా?”

మునిరాజు మొహం ఎర్రబడింది. “నీకు మటుకు ఏమి? వాస్తుకు ఒక ముసలామె కావల్ల, అంతే కదా. నీ కొత్తింటి గడప తొక్కితే నన్ను మునిరాజు అనొద్దు.”

“తొక్కొద్దు. టైల్స్ పాడైపోతాయి.”

ఇద్దరూ కలబడేలోగా భాగీరథమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే అంది.

“నాకు ఆ పొద్దు కుదరదప్పా.”

ఇద్దరూ ఆగిపోయారు. ముందు మునిరాజే తేరుకున్నాడు. “ఎవురి పనికి కుదరదు? వాని పనికా, నా పనికా?”

“రెండిటికీ.”

అంతసేపూ ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు ఆ ఒక్క మాటతో ఏకమొహమైపోయారు. కార్డులు ఊరంతా పంచాక ఇప్పుడు చెబుతావా అని ఒకడు అరిచాడు. భజన ఉంటే పై వారం చేసుకో అని ఇంకొకడు అరిచాడు. ఇంట్లో కూర్చునేదానికి ఇంతమంది పనులు చెడగొట్టే పని ఏమొచ్చిపడిందని ఇద్దరూ కలిసి అరిచారు. మేము ఆఫీసుకు పోయినా, పరుగు పందేనికి పోయినా అత్తగారు ఎన్నడూ ఇంట్లో పని కుదరదనలేదు కదా, ఇప్పుడేమొచ్చింది అని కోడళ్ళూ గొంతు కలిపారు.

“నవ్వులపాలు చేస్తావుండావు మమ్మల్ని,” అన్నాడు మునిరాజు. “మనవరాలి గజ్జెల కంటే, వీని కొత్తింటి కంటే నీకు పెద్ద పని ఏముండాది? చెప్పమ్మా. నాకు ఇప్పుడే తెలియల్ల.”

భాగీరథమ్మ చాట పక్కన పెట్టింది. లేచి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ తన గదిలోకి వెళ్ళింది. పెద్దావిడ అలిగి తలుపేసుకుంటుందనుకున్నారు అందరూ. వేసుకోలేదు. తిరిగొచ్చింది. ఒక చేతిలో వెండి కుంకుమ భరిణె, ఇంకో చేతిలో ఆకువక్క. భర్త పోయాక ఆ భరిణె ఆమె చేతిలో ఎవరూ చూడలేదు.

నేరుగా ఆశ దగ్గరికి వచ్చి నుదుట బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చింది. తర్వాత చైత్రకూ పెట్టింది. పిలుపుకొచ్చిన పెద్ద ముత్తయిదువకు మొక్కినట్టు, కోపం సంగతే మరిచిపోయి, కోడళ్ళిద్దరూ అలవాటుగా ఆమె కాళ్ళకు వంగారు.

“ఆదివారం అదే ముహూర్తానికి మొగుళ్ళను, పిల్లోళ్ళను పిలుచుకోని ఇద్దరూ తప్పకుండా అత్తిబెలెకు రావల్ల తల్లీ,” అంది భాగీరథమ్మ. “ఆ ఊరి గంగప్పకూ నాకూ పెండ్లి.”