గోటికి తగిలే గట్టు

"గోరు పెట్టి చూడు, నీకే తెలుస్తుంది," అన్నాడు తౌనో, కాల్చిన తూటా గొట్టాన్ని బల్ల మీదుగా తోస్తూ.

ఏస్కో గోరు పెట్టి చూశాడు. గొట్టం అడుగున, మందుని అంటించే ప్రైమర్ బిళ్ళ మీద తుపాకీ సూది కొట్టిన గుంట ఉంది. దాని చుట్టూ లోహం సన్నటి గట్టులా లేచి గోటికి తగిలింది.

"తూటాలో మందు ఎక్కువైతేనే ఇలా లేస్తుందట కదా," అంది తౌనో భార్య ఐలి. "శనివారం నుంచి దుప్పుల వేట. మనవరాలు సినికి ఈ తుపాకీ ఇస్తానని మాటిచ్చాడు. అది పిల్ల మొహాన పేలిందంటే ఈ ముసలాణ్ణి నేను బతకనివ్వను."

"యాభై ఏళ్ళుగా తూటాలు నా చేత్తో నింపుతున్నా. మనింటి కూరలో ఉప్పు ఎక్కువవుతుందేమో గానీ, నా తూటాలో మందు ఎక్కువవదు."

"ఉప్పు సంగతి ఇప్పుడెందుకయ్యా?"

ఏస్కో నవ్వుకున్నాడు. తుపాకులు బాగుచేసే ఈ కొట్టు తండ్రి నుంచి వచ్చింది, కొట్టుతోపాటే వీళ్ళిద్దరి కీచులాటలూ వచ్చాయి. చిన్నప్పుడు ఈ బల్ల కిందే కూర్చుని, ఐలి తెచ్చిన ఏలకుల రొట్టె తింటూ ఇవే మాటలు వినేవాడు. ఆ రోజుల్లో తౌనో వస్తే గుమ్మం నిండిపోయేది. ఇప్పుడు చూపు ఆనక ఐలి మోచెయ్యి పట్టుకుని వచ్చి, కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. ఆ చెయ్యి చూసి ఏస్కోకి మనసు చివుక్కుమంది.

"కాల్చాక గొట్టం బయటికి లాగే బోల్టు పిడి బిగుసుకుందా బాబాయ్?"

"లేదు. సిని ఒక్క వేలితో ఎత్తేసింది. ఐలి కోసం నేను నింపిన పెట్టెలోవి పది సినియే కాల్చింది. కొట్లో కొన్నవి అయిదు. అన్నిటికీ ఇదే గట్టు."

ఏస్కో భూతద్దం పెట్టి చూశాడు. "ఒత్తిడి ఎక్కువైతే ప్రైమర్ అంచులు చదునైపోతాయి. ఇవి గుండ్రంగానే ఉన్నాయి. అడుగున ఒరిపిడి మచ్చలూ లేవు. సూది బయటికొచ్చే బెజ్జం అరిగి వెడల్పయిందని నా అనుమానం. పాత గొట్టాలుంటే ఖాయంగా చెప్తా. అరుగుదలైతే ఏడాదికింతని పెరిగి ఉండాలి."

"డబ్బా కార్లోనే ఉంది," అంటూ ఐలి లేచింది.

"డబ్బా ఎందుకే, అక్కర్లేదు," అన్నాడు తౌనో.

"ఊరంతా తిప్పి గొప్పలు చెప్పుకుంటావుగా, ఇవాళేం వచ్చింది?"

ఐలి తెచ్చి పెట్టింది పాత కాఫీ డబ్బా. తౌనో తండ్రి పెట్టిన నియమం ఒకటుంది. దుప్పిని పడగొట్టిన తూటా గొట్టమే అందులో పడాలి, ఇంకోటి పడకూడదు. ఆ డబ్బాతో అబద్ధమాడకూడదు. గొట్టం మీద ఏడాది గీయడం ఐలి పని.

ఏస్కో ఏళ్ళ వరుసన పేర్చసాగాడు. తౌనో ఒకటి తీసుకుని బొటనవేలితో తడిమాడు. "డెబ్బై ఎనిమిది. మీ నాన్నా నేనూ నడుం లోతు మంచులో ఈడ్చుకొచ్చాం. దారంతా పాటలు పాడుతూనే ఉన్నాడు మహానుభావుడు."

"ఐలి ఇప్పటికీ మంచె మీద నా పక్కనే కూర్చుంటుంది," అన్నాడు మళ్ళీ. "నేను కాల్చగానే తనూ ఒకటి కాలుస్తుంది. రెండు మోతలూ కలిసిపోతాయి. ఏటా ఒక తూటా దండగ."

"చలికి బిగుసుకుపోయి కూర్చున్నందుకు ఒక్కటి కాల్చుకోకూడదా? నా తూటాలూ తనే నింపుతాడు ఏస్కో, తన తూటాల తోలుసంచి మాత్రం నన్ను ముట్టుకోనివ్వడు. ఎనిమిదేళ్ళ కిందట కుక్కని చూసి దుప్పి దూడ అనుకున్న మొనగాడు."

"గురిపెట్టాను గానీ కాల్చలేదుగా," అన్నాడు తౌనో. చేతిలోని గొట్టాన్ని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

గట్టు ఏటికేడు కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది, అనుకున్నట్టే. కానీ చివరి ఎనిమిది గొట్టాల దగ్గర ఏస్కో చెయ్యి ఆగింది. నున్నగా ఉన్నాయి. సూది గుంట నడిమధ్యన కాక కాస్త పక్కకి పడి ఉంది. ఆ పక్కచూపు గుంట అతనికి తెలుసు. నిరుడు ఐలి తుపాకీకి తను కొత్త సూది వేసినా గుంట అలాగే పక్కకి పడింది.

తలెత్తాడు. ఐలి అతన్నే చూస్తోంది. కప్పులో ఎప్పుడో కరిగిన చక్కెరని ఇంకా కలుపుతూ, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఏమంటోంది డబ్బా?" అడిగాడు తౌనో.

ఏస్కో భూతద్దం పక్కన పెట్టాడు. "అరుగుదలే బాబాయ్. మందు దోషం కాదు. బెజ్జానికి తొడుగు వేసి శుక్రవారానికి ఇస్తా. సినికి ఏ భయమూ లేదు."

"చివరివి నున్నగా తగులుతాయే?"

"అవా... ఆ ప్రైమర్లు గట్టిరకం. గట్టు లేవదు."

"అవునవును," అన్నాడు తౌనో నెమ్మదిగా. "అవి మొదలైన ఏడే రకం మార్చాను."

ఐలి కప్పు కింద పెట్టింది. కళ్ళు తుడుచుకుని, కారు వేడి చేస్తానంటూ బయటికి నడిచింది.

తలుపు మూసుకున్నాక తౌనో నడుముకున్న తోలుసంచి విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇది తుపాకీతోపాటు సిని చేతికి పోకూడదు. నువ్వే పారెయ్."

"ఏమిటివి?"

"నా వేట తూటాలు. ఎనిమిదేళ్ళుగా ఇవే కాలుస్తున్నా. ఐలికి చెప్పకు. నేను కాల్చడం మానితే తనూ మంచె ఎక్కనంటుందని ఇన్నాళ్ళూ ఇలా లాక్కొచ్చా. తను పక్కన లేని అడవి నాకెందుకురా?"

గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఏస్కో సంచిని బోర్లించాడు. మైనంతో మూతులు మూసిన తొమ్మిది తూటాలు బల్ల మీద దొర్లాయి.

ఒక్కదానికీ గుండు లేదు.