సీసా మీది చీటీ

“పట్టుకోండి! సీసా ఎత్తుకుపోతున్నాడు!”

గోల్‌కీపర్‌కి శిక్షణ ఇచ్చే గోలీ కోచ్ కేక విని భద్రతాధికారిణి పరుగెత్తింది.

అప్పటికే ఆమె కింద పనిచేసే పొడుగాటి గార్డు, అందరూ ‘నిచ్చెన’ అని పిలిచే మనిషి, ఓ ముసలాయన్ని నేలకి అదిమి పట్టుకున్నాడు.

ఫుట్‌బాల్ కప్పు ఫైనల్. అదనపు సమయం కూడా అయిపోయింది. చెరో గోలు. ఇంకో నాలుగు నిమిషాల్లో పెనాల్టీలు.

సొంత జట్టు ఆ కప్పు మొహం చూసి ముప్పై ఎనిమిదేళ్లయింది.

ముసలాయన ప్రేక్షకుల కంచె దూకి వచ్చాడు. అరవై అయిదేళ్లుంటాయి. మోకాలి దగ్గర ప్యాంటు చిరిగి నెత్తురు కారుతోంది.

చేతిలో గోలీ తాగే నీళ్ల సీసా.

దాని మీద ఓ చీటీ అతికించి ఉంది. అవతలి జట్టులో ఎవరు పెనాల్టీ ఎటు కొడతారో అందులో రాసి ఉంటుంది. నీళ్లు తాగుతున్నట్టు సీసా ఎత్తి, గోలీ ప్రతిసారీ అది చూసుకుంటాడు.

ఆ చీటీ మీద ముసలాయన ఇంకో చీటీ సగం అతికించేశాడు.

“ఏం తాతా, గోల్ కొడదామని వచ్చావా?” అన్నాడు నిచ్చెన.

“ఆ చీటీ తప్పు బాబూ. అన్నీ తారుమారు చేసి రాశారు. నాది ఉంచండి.”

గోలీ కోచ్ సీసా లాక్కున్నాడు. కొత్త చీటీ పీకి నాలుగు ముక్కలు చేశాడు.

“అవతలి వాళ్లు పంపిన మనిషి. తీసుకెళ్లండి.”

“ఈయన మీకు తెలుసా?” అడిగింది అధికారిణి.

“నా జన్మలో చూళ్లేదు ఈ ముసలాణ్ని.”

ముసలాయన అతని వంక చూశాడు. అంతే, పెనుగులాట మానేశాడు.

స్టాండ్ కింద చిన్న గది. రెండు కుర్చీలు, గోడకి టీవీ. పైన వేలమంది కాళ్ల చప్పుడుకి గోడ సున్నం రాలుతోంది.

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు తల్లీ. ఆ జట్టు ఆడిన నలభై రెండు మ్యాచ్‌లు టీవీలో చూశాను. కొట్టిన ప్రతి పెనాల్టీ రాసుకున్నాను.”

“మరి చీటీ తప్పని నీకెలా తెలుసు?”

“పొద్దున కంటపడింది. రాసినవాడు వచ్చే ఏడాది వాళ్ల జట్టులో చేరుతున్నాడు.”

“ఎవడు వాడు?”

ముసలాయన మోకాలి నెత్తురు తుడుచుకున్నాడు.

“చెప్పు. ఇప్పుడే నమ్ముతాను.”

“చెప్పలేను తల్లీ. మ్యాచ్ గెలుచుకోండి. వాణ్ని వదిలెయ్యండి.”

“బాగుంది! దొంగతనం జరిగిందంటావు, దొంగని మాత్రం చూపించనంటావు.”

విజిల్ మోగింది. అవతలి జట్టు తొమ్మిదో నంబరు బంతి పెట్టాడు.

“గోలీకి ఎడమ పక్క,” అన్నాడు ముసలాయన, నోట్లో నోట్లోనే.

గోలీ సీసా చూసుకున్నాడు. కుడికి దూకాడు. బంతి ఎడమ పక్క వలలో పడింది.

కాకతాళీయం, అనుకుంది ఆమె.

మనవాడూ కొట్టాడు. ఒకటి, ఒకటి.

“ఇప్పుడు కుడి. నేల బారున.”

గోలీ ఎడమకి దూకాడు. బంతి కుడి పక్కన, గడ్డిని రాసుకుంటూ లోపలికి పోయింది.

“తాత నాలుక మీద మచ్చ ఉందండోయ్,” అన్నాడు నిచ్చెన. ఎవరూ నవ్వలేదు.

మనవాడూ కొట్టాడు. రెండు, రెండు.

“వీడు నడిమధ్యకి కొడతాడు. కదలకుండా నిలబడితే చాలు. నిలబడు నాయనా, నిలబడు!”

గోలీ కుడికి ఎగిరాడు. అతను వదిలేసిన చోటునుంచే బంతి తీరిగ్గా వెళ్లింది.

తర్వాత మనవాడు కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది.

మూడు, రెండు.

ఆమె చేయి వాకీటాకీ మీదికి పోయింది.

“నాలుగోవాడు ఎటు కొడతాడు?”

“ఎడమ. రేడియోలో వద్దు తల్లీ, నువ్వే వెళ్లు!”

“నన్ను గీత దాటనివ్వరు. ఇప్పుడు గోలీకి కబురందించగలిగేది కోచ్ ఒక్కడే. అతని దగ్గరా వాకీటాకీ ఉంది. ఎందుకు వద్దు?”

ముసలాయన నోరు తెరిచాడు. వెంటనే మూసుకున్నాడు.

ఆమె మీట నొక్కేసింది.

“కోచ్‌గారూ, చీటీ తప్పు! ఈసారి ఎడమకి కొడతాడు. గోలీకి చెప్పండి.”

“అలాగేనమ్మా. ఇప్పుడే చెప్తాను.”

టీవీలో కోచ్ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏదో అరిచాడు. గోలీ తలాడించాడు.

కుడికి దూకాడు.

బంతి ఎడమ పక్కకి పోయింది.

మనవాడు కొట్టాడు. నాలుగు, మూడు. ఇక ఈ ఒక్కటీ ఆపకపోతే కప్పు పోయినట్టే.

“అయిదోవాడు కుడికి,” అన్నాడు ముసలాయన.

“చెప్పారా కోచ్‌గారూ?”

“చెప్పానమ్మా, మొండిఘటం వినట్లేదు!”

“ఇది కుడికి! మళ్లీ చెప్పండి, కుడికి!”

ముసలాయన కళ్లు మూసుకున్నాడు.

గోలీ ఎడమకి దూకాడు.

పైన కాళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. దూరంగా, అవతలి స్టాండ్‌లో మాత్రం కేకలు.

టీవీలో గోలీ గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. కోచ్ అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని భుజం నిమురుతున్నాడు, చేతి రుమాలుతో తన కళ్లు తుడుచుకుంటున్నాడు.

“ముందే చెప్పి ఉంటే...” ఆమె వాకీటాకీ కుర్చీలో పడేసింది.

“ఔను తల్లీ.”

“ఇప్పుడైనా చెప్పు. ఎవడు వాడు?”

ముసలాయన కుంటుకుంటూ టీవీ దగ్గరికి వెళ్లాడు. గోలీని ఓదారుస్తున్న మనిషి మీద వేలు పెట్టాడు.

“ఈ కోచ్, తల్లీ. నా పెద్దకొడుకు.”