రెబెకా కోసిన మర

“చక్ కీ యాడుంది?”

ఈరన్న అరుపుకు రెబెకా చెయ్యి స్విచ్ మీదే ఆగిపోయింది. కడ్డీని బిగించడానికి వాడే ఆ ఇనుప తాళంచెవి ఇంకా ఇనుమును తిప్పి కోసే లేతు మిషనుకే తగిలించి ఉంది.

“మరిచిపోయినాన్నా.”

“మరిచిపోయినావా? స్విచ్ ఏసింటే అది ఎగిరొచ్చి మూతి పగలగొట్టుండేది. ఇదో, సూడు.” ఈరన్న పైపెదవి ఎత్తి చూపించాడు. ముందు పళ్లు రెండు లేవు. “నేనూ ఒకపారి మరిచిపోయినా. పో, ఆకురాయి తీసుకో. ఆ ఇనప ముక్క నాలుగు పక్కలా నున్నగా అయ్యేదాకా మిషన్ తావకు రావద్దు.”

రెబెకా చున్నీ నడుముకు బిగించి ముక్కను అరగదీయడం మొదలుపెట్టింది. గంట గడిచేసరికి అరచేతిలో బొబ్బ లేచి చితికింది. చేతిరుమాలు చుట్టుకుని మళ్లీ ఆకురాయి పట్టుకుంది. ఇంకాసేపట్లో ఏడుస్తుందిలే అని ఈరన్న ఓరకంట కనిపెడుతూనే ఉన్నాడు. ఏడవలేదు.

కళ్యాణదుర్గంలో బోరు మోటార్లకు, శనక్కాయల మిషన్లకు కావలసిన సామాన్లన్నీ ఈరన్న లేతు మీదే తయారవుతాయి. ఇటువంటి చోటికి మూడు రోజుల కిందట సాయంత్రం, షేరాటో దిగి, భుజాన సంచితో వచ్చింది రెబెకా. బక్కపలచటి పిల్ల.

“మర కోసేది నేర్పించన్నా. రెండు వారాల్లో రావల్ల” అంది. మరంటే నట్టు ఎక్కేందుకు బోల్టు చుట్టూ కోసే గాడి.

“రెండు వారాల్లోనా? నాకు రెండేండ్లు పట్టింది పాపా. ఏం తొందర?”

“మా హైస్కూలుకు తిప్పేష్ సారని ఒకాయన లేతు ఇచ్చినాడన్నా. ఆడ్నే చదువుకోని బెంగుళూర్లో ఫ్యాక్టరీ పెట్టినాడు. మిషనొచ్చి ఏడాదైంది, కప్పిన పట్ట కప్పినట్లే ఉండాది. పై శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఆయన వస్తాడంట. నడిపేవాళ్లు లేకుంటే వేరే బడికి ఎత్తుకపోతా అన్నాడు. ఒక్క బోల్టు కోసి చూపిస్తే చాలు.”

“మీ బళ్లో నేర్పేటోళ్లే లేరా?”

“వర్క్‌షాపు సారు రిటైరైపోయినాడు. లెక్కల టీచరమ్మకు అంటగట్టినారు.”

ఈరన్న పగలబడి నవ్వాడు. “సుద్దముక్క పట్టే చేతులకు ఇనుమేం తెలుస్తాది? పిల్లోల్ల వేళ్లు తెంపేదానికా? అట్లాంటోళ్లు నా షాపుకొస్తే తరిమికొడ్తా. పిల్లోల్లకైతే చెప్తా. రేపట్నుంచి రా.”

రెబెకా తల వంచుకుని సరేనంది.

అప్పటినుంచి ఒక్కరోజు కూడా మానలేదు. మసి పూసుకుంది, తిట్లు తింది, వేలు తెగితే పసుపు అద్దుకుని పనిలోకి దిగింది. ఒకరోజు ఈరన్న గోడమీద అంటించిన పట్టిక వెతుక్కుంటుంటే, అంగుళానికి ఎనిమిది మరలు రావాలంటే ఎన్ని పళ్ల చక్రం వేయాలో నోటితోనే చెప్పేసింది. లెక్కల్లో గట్టి పిల్లే అనుకున్నాడు ఈరన్న. పెద్దవాళ్లంతా చేతులెత్తేసిన పనిని ఇంత పిల్ల నెత్తికెత్తుకుందే అని అతనికి ముచ్చటేసింది. పైకి మాత్రం తిట్లు తగ్గించలేదు.

రెండో గురువారం నాటికి మూడు బోల్టులు పాడయ్యాయి. మూడోదానికి నట్టు సగం దాకా ఎక్కి బిగుసుకుపోయింది.

“కొస వస్తానే కోసే టూలు ఎనక్కి లాగు. లాగినాంకనే మిషన్ ఎనక్కి తిప్పు. చెయ్యి ముందు, స్విచ్ ఎనక. ఎన్నిసార్లు చెప్పల్ల?”

“ఇంకో కడ్డీ ఇయ్యన్నా.”

“చాల్లే, ఇంటికి పో. పోతే పోయింది మిషను, మీ నాయన సొమ్మా?”

రెబెకా గిర్రున తిరిగింది. “పదో క్లాసు అయినాంక మా ఊరి మొగపిల్లోల్లు బెంగుళూర్లో మూటలు మోస్తాండారన్నా. ఆడపిల్లోల్లు శనక్కాయ కూలికి పోతాండారు. చేతిలో పనుంటే ఎవురి కాళ్లూ పట్టుకునే పన్లేదు. ఆ మిషన్ పోతే మళ్లా రాదు. కడ్డీ ఇయ్యి.”

ఈరన్న కడ్డీ ఇచ్చాడు.

నాలుగో బోల్టుకు నట్టు ఒక్క వేలితో తిప్పితే చివరిదాకా జారింది. ఈరన్న మెచ్చుకోలేదు. ఎవరికీ ముట్టనివ్వని తన సొంత టూలుకు పదును పెట్టి, కాగితంలో చుట్టి ఆమె సంచిలో పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే షాపుకు తాళం వేసి మోపెడ్ మీద రెబెకా బడికి బయలుదేరాడు. అతను చేరేసరికి వర్క్‌షాపు గది కిటికీలకు చిన్నపిల్లలు గుంపులుగా వేలాడుతున్నారు. వాళ్ల తలల సందులోంచి లేతు, దాని మీద గుడ్డ చుట్టిన రెండు చేతులు మాత్రమే కనిపించాయి. మోటారు మోగింది. టూలు ఇనుమును కోస్తున్న చప్పుడుకు ఈరన్న చెవులు రిక్కించాడు. కొస రాగానే చప్పుడు తెగింది, తర్వాతే మిషన్ వెనక్కి తిరిగింది.

“చెయ్యి ముందు, స్విచ్ ఎనక” అని గొణుక్కున్నాడు.

తిప్పేష్ నట్టు ఎక్కించి వేలితో తిప్పాడు. అది గిరగిరా తిరుగుతూ చివరికి పోయింది. “మిషన్ యాడికీ పోదు. ఇంకోటి కూడా పంపిస్తా” అన్నాడు. బడంతా చప్పట్లతో దద్దరిల్లింది.

ఈరన్న కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ పిల్ల తన దగ్గరే నేర్చుకుందని ఎవరికో ఒకరికి చెప్పకపోతే మనసు ఆగేలా లేదు. వరండాలో నిలబడిన హెడ్మాస్టరును చూసి గబగబా దగ్గరికి వెళ్లాడు.

“సార్, ఆ బోల్టు కోసిన పాప నా శిష్యురాలే. రెబెకా. ఏం క్లాసు సార్ మా పాప?”

హెడ్మాస్టరు అతన్ని ఎగాదిగా చూశాడు.

“క్లాసేందప్పా, ఆమె మా లెక్కల టీచరు.”