శేషమ్మగారి మౌనం

"ఇవాళే దొరికిందా అమ్మా నీకు మౌనవ్రతం?" అంటూ దామోదర్ నెత్తి పట్టుకున్నాడు.

సోఫాలో బాసింపట్టు వేసుక్కూర్చున్న శేషమ్మగారు పెదవుల మీద వేలు పెట్టి చూపించి, కళ్ళు మూసుకున్నారు. పొద్దున లేచినప్పటినుంచీ ఇదే వరస. అమెరికాలో నేపర్‌విల్‌లోని కొడుకింటికి వచ్చాక ఆవిడ నోటికి సెలవు దొరకడం ఇదే మొదలు. పోస్టుమాన్ ఇంగ్లీషులో హలో అంటే, తెలుగులో వాళ్ళావిడ కుశలం అడిగే మనిషి ఆవిడ.

కాసేపట్లో మిసెస్ కోస్కి వస్తోంది. అమెరికాలో స్థిరపడ్డ ఫిన్లాండ్ ఆవిడ. ఇక్కడి హైస్కూలు పిల్లల్ని ఏడాది చదువుకి ఫిన్లాండ్ పంపించే సంస్థ తరఫున ఇళ్ళకి వచ్చి చూసి వెళ్తుంది. ఈ 1985లో వీళ్ళ ఊరి వైపు ఇచ్చింది ఒక్కటే సీటు. దానికి దామోదర్ కూతురు వసుమతితో కలిపి ముగ్గురు పిల్లలు పోటీ. మిగతా రెండిళ్ళూ ఆవిడ చూసేసింది. ఇంట్లో పెద్దలందరూ మనస్ఫూర్తిగా పంపుతున్నారో లేదో తనే అడిగి తేల్చుకుంటుందట.

"షి ఈజ్ డూయింగ్ ఇట్ ఆన్ పర్పస్, డాడీ!" వసుమతి గొంతులో ఏడుపు వచ్చేసింది. "నానమ్మ కావాలనే చేస్తోంది. నేను వెళ్ళేది తనకి ఇష్టం లేదు. రోజూ జడ వేస్తుంటే ఫిన్లాండ్ గురించి ఎంత చెప్పాను! అన్నిటికీ ఊఁ కొట్టింది. ఇప్పుడు చూడు!"

"ఊరుకో వసూ," వంటింట్లో బజ్జీల పిండి కలుపుతూ తల్లి శాంతి అంది. "నేనూ డాడీ లేమూ? అత్తయ్యగారు మాట్లాడని లోటు తెలియనిస్తామా! మిసెస్ కోస్కికి ఒక్క క్షణం బోర్ కొట్టనివ్వం."

బెల్ మోగింది. మిసెస్ కోస్కి గుమ్మంలోనే మంచు దులుపుకుని బూట్లు విప్పబోయింది.

"నో, నో! బూట్లు ఉంచుకోండి. మా ఇంట్లో అలాంటి పట్టింపులేం లేవు," అన్నాడు దామోదర్. తలుపు వెనకాల ఇంటిల్లిపాది చెప్పులూ బారులు తీరి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి, తన బూట్లు కూడా పక్కనే పెట్టి, ఉన్నిమేజోళ్ళతో లోపలికి వచ్చి శేషమ్మగారి పక్కన కూర్చుంది.

దామోదర్ అందుకున్నాడు. తన ఆఫీసు, కారు హీటరు, ఈ ఏడు చలి, ఫిన్లాండ్‌లోని వేల సరస్సులు. అతను ఊపిరి పీల్చుకునే సందులో శాంతి దూరింది. పిల్లలెంతమంది, ఒక్కడేనా, పెళ్ళయిందా, ఎందుకు కాలేదు. మిసెస్ కోస్కి జవాబు ఆలోచించుకునేలోగా ఇద్దరూ కలిసి రెండో ప్రశ్న వేసేస్తున్నారు. పాపం, ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత గోడ గడియారం చూసింది.

ఆఖరికి ఆవిడ శేషమ్మగారి వైపు తిరిగి, "మీరేమంటారు?" అని అడిగింది.

శేషమ్మగారు నవ్వి, పెదవుల మీద వేలు పెట్టుకున్నారు.

"మా అమ్మకి గొంతునొప్పి!" అన్నాడు దామోదర్.

"ఉపవాసం!" అంది శాంతి.

"షీ ఈజ్ షై," అంది వసుమతి.

మిసెస్ కోస్కి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. సరిగ్గా అప్పుడే స్టవ్ మీద మరిచిపోయిన నూనె మాడి, వంటింట్లో స్మోక్ అలారం కీచుమంది. ముగ్గురూ ఒకేసారి లేచి పరిగెత్తారు. శాంతి బాణలి దించింది. వసుమతి ఆ చలిలో కిటికీలన్నీ తెరిచింది. దామోదర్ తువ్వాలుతో ఎంత విసిరినా ఆ అలారం ఓ పట్టాన నోరు ముయ్యలేదు. వాళ్ళింట్లో వస్తువేనాయె.

తిరిగొచ్చేసరికి హాల్లో చడీచప్పుడూ లేదు. పెద్దావిడలిద్దరూ శాంతి ముందే ఫ్లాస్కులో పోసిపెట్టిన ఫిల్టర్ కాఫీ తాగుతూ కిటికీ బయట పడుతున్న మంచు చూస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం కూడా లేదు.

"ఇట్స్ ఓవర్," వసుమతి తల్లి చెవిలో గొణిగింది.

మిసెస్ కోస్కి కప్పు ఖాళీ చేసి, నెమ్మదిగా బూట్లు తొడుక్కుంది. గుమ్మం దగ్గర ఆగి, "వసుమతీ, ఆగస్టులో బయల్దేరడానికి సిద్ధంగా ఉండు," అంది.

"మరి... మా అమ్మ ఏం చెప్పకుండానే..." దామోదర్ నసిగాడు.

"వసుమతి, ఫిన్లాండ్ అని రెండు పేర్లూ చెప్పి, ఇష్టమేనా అని సైగతో అడిగాను. తలూపి, నా కప్పులో మళ్ళీ కాఫీ పోశారు. అంతకంటే ఏం చెప్పాలి?" ఆవిడ మొదటిసారి నవ్వింది. "కొత్త మనిషి పక్కన మాట్లాడకుండా హాయిగా కూర్చోగలగడం మా వైపు పెద్ద మర్యాద. ఈ దేశం వచ్చాక నాకు అది ఇవాళే దొరికింది. మిగతా రెండిళ్ళలోనూ నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. ఇలాంటి నానమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లకి మా వాళ్ళతో ఏ ఇబ్బందీ ఉండదు."

కారు వీధి మలుపు తిరగ్గానే వసుమతి ఒక్క ఉరుకున వెళ్ళి శేషమ్మగారిని కావలించుకుంది.

"సారీ నానమ్మా, నిన్ను అనవసరంగా అన్నాను. నీ వ్రతమే నన్ను సేవ్ చేసింది. ఏ దేవుడికి మొక్కావు? నేనూ దణ్ణం పెట్టుకుంటాను."

శేషమ్మగారు పొద్దుటినుంచీ బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలారు.

"దేవుడూ లేడు, వ్రతమూ లేదు! నువ్వన్నది నిజమేనే, కావాలనే చేశాను. ఊరికే వాగేవాళ్ళంటే ఆ దేశంవాళ్ళకి పడదని జడ వేయించుకుంటూ నువ్వే కదుటే చెప్పావు? ఈ కొంపలో నేనొక్కదాన్నయినా నోరు మూసుకోకపోతే నీకు సీటు ఎలా వస్తుందే!"