పైపులోపల తీగ

"లాగకండి మేడమ్!" అని కాంట్రాక్టరు అరిచేలోపే లాగేశాను.

నేను తనిఖీకొచ్చిన ఫైర్ పంపు మోటారుకు బిగించిన ఎర్త్ వైరు పైపులోంచి బయటికొచ్చింది. పైకి కనిపించే జానెడు ముక్కే బొటనవేలంత లావు. లోపల దానికి ముడేసింది కాలింగ్ బెల్లు తీగ. దాన్ని అతని మొహం ముందు పెట్టాను.

"పైన పటారం, లోన లొటారం! సిగ్గులేదూ?"

"ఎర్తే కదా మేడమ్. మామూలుగా అందులో కరెంటే పారదు."

"మోటారు బాడీకి కరెంటొచ్చిన రోజు పారాల్సింది అందులోనే! నిప్పంటుకున్నప్పుడు పంపు ఆగకూడదని ఇక్కడ బ్రేకరు పెద్దది పెడతారు. అది పడి కరెంటు ఆగాలంటే ఎర్త్ వైరూ అంత లావుండాలి. ఈ దారప్పోగు ముందే కాలిపోతుంది, బ్రేకరు పడదు. బాడీ మీద చెయ్యేసినవాడు పోతాడు."

"ఈ మూలగదిలో చెయ్యేసేదెవడు మేడమ్?" అని ఇకిలించాడు.

మోటారు వెనక తడిగుడ్డతో తుడుస్తున్న చెయ్యి ఆగింది. పంపు ఆపరేటరు, కాంట్రాక్టరు బామ్మర్దే, మెల్లగా లేచాడు. బావ మొహం చూడలేదు, ఆ తీగనే చూశాడు.

"నేనేస్తా బావా, రోజూ. తళతళలాడేలా తుడవమని చెప్పి ఈ ఉద్యోగం ఇప్పించింది నువ్వేగా."